గుమ్మానికి అడ్డంగా ముక్కాలిపీట

సింగపూర్ వచ్చిన కొత్తలో నేను మొట్టమొదట చీవాట్లు తిన్నది ఒక టిష్యూ ప్యాకెట్ మూలంగా. బూన్ లేలో మా బ్లాకు పక్కనే తిండికొట్ల హాకర్ సెంటర్. మధ్యాహ్నం పన్నెండున్నరకి అక్కడ కాలు పెట్టే సందుండదు. చేతిలో ట్రే, ట్రేలో పొగలు కక్కుతున్న నూడుల్స్, కూర్చుందామంటే చోటు లేదు. ఒక్క బల్ల మాత్రం ఖాళీగా కనిపించింది. దాని మీద ఎవరో మరిచిపోయిన టిష్యూ ప్యాకెట్ ఉంటే పక్కకి నెట్టి కూర్చున్నాను. రెండుసార్లు నోట్లో పెట్టుకున్నానో లేదో, భుజం మీద చెయ్యి పడింది.

"ఏమ్మా, కన్ను కనపడలేదా? అది వేరేవాళ్ళ ఇడం. చోప్ పెట్టేసినారు లా. లేచి రా, నా పక్కన కూర్చో."

తెలుగు వినపడినందుకు సంతోషించాలో, అంతమందిలో పరువు పోయినందుకు ఏడవాలో తెలియలేదు. ఆవిడ మా బ్లాకులోనే ఆరో అంతస్తు ఆంటీ. వాళ్ళ తాతగారు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ తెలుగులో సగం అరవం, పావు మలయ్. బల్ల మీద టిష్యూ ప్యాకెట్టో, గొడుగో, తాళం చెవులో ఏది పెట్టి వెళ్ళినా ఆ మనిషి అక్కడ కూర్చున్నట్టే లెక్క అనీ, ఎవరూ ముట్టుకోకూడదనీ, దాన్నే చోప్ అంటారనీ ఆవిడే నాకు పాఠం చెప్పింది.

ఓస్, ఇంతేనా అనుకున్నాను. మా తెనాలి బస్టాండులో ఎర్రబస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేవాళ్ళం కాదూ? కాకపోతే మన దగ్గర ఆ తువ్వాలును కింద పడేసి దర్జాగా కూర్చునే మహానుభావులుంటారు, ఆ తర్వాత రెండు ఊళ్ళ దాకా తగువు నడుస్తుంది. ఇక్కడ తగువు లేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి నేనెంత ఆరితేరానంటే, బల్ల మీద ఏకంగా హ్యాండ్‌బ్యాగ్ పెట్టేసి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా వెళ్ళి క్యూలో నిలబడేదాన్ని. ఆ అలవాటు నన్ను ఎక్కడ ముంచిందో చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

అది కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే భయం తీరిపోయిన మరుసటి ఏడు. ఆ భయం పుణ్యమా అని సింగపూర్ వచ్చినవాళ్ళలో మా ఆయన ఒకరు. భయం తీరగానే ఆయన కాంట్రాక్టూ తీరిపోయింది. నాది మాత్రం బ్యాంకుల సాఫ్ట్‌వేర్. దానికి గిరాకీ తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. అలా ఆయన నా పాసు మీదికి వచ్చారు. నా ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆయనకీ, ఇరవై నెలల మా పాపకీ ఈ దేశంలో చోటు. ఉద్యోగం పోతే నెలలోపల ముగ్గురం పెట్టెలు సర్దుకోవాలి. ఈ సంగతి నాకు తెలుసు, మా మేనేజరుకి ఇంకా బాగా తెలుసు.

ఆ మేనేజరు మనవాడే. హైదరాబాదు. గట్టిగా మాట్లాడడు, విసుక్కోడు. "అమ్మా" అని పిలుస్తూ పీక నొక్కే రకం.

"చూడమ్మా, జస్ట్ టెన్ డేస్. సరయేవోలో కొత్త బ్యాంకు. యుద్ధం అయిపోయాక అన్నీ మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుంటున్నారు. ఆ లోన్స్ మాడ్యూల్ నీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు చెప్పు?"

పాప ఇంకా నా దగ్గర పాలు తాగుతోంది సార్, అందామనుకున్నాను. ఆ మాట ఆ ఏసీ గదిలో, ఆ మగవాళ్ళ మధ్య నోట్లోంచి రాలేదు. గంగిరెద్దులా తల ఊపి బయటికి వచ్చాను. ఇంట్లో నా నోటికి అందరూ జడుస్తారు. చేపలమ్మేవాడి దగ్గర నుంచి ఇంటి ఓనరు దాకా ఎవరితోనైనా సై అంటే సై అనేదాన్ని. ఆఫీసులో మాత్రం నోట్లో నాలుక ఉన్నట్టే ఉండదు. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అప్పటికి మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. వెళ్ళే ముందు రోజు ఆవిడ నా పెట్టె పక్కన కూర్చుని, "నువ్వు కట్టి విడిచిన చీర ఒకటి ఉతక్కుండా ఇచ్చి వెళ్ళమ్మా. పిల్ల వాసనకి పడుకుంటుంది. నా పిల్లలప్పుడు మేమూ అదే చేసేవాళ్ళం" అన్నారు. నీలంరంగు మంగళగిరి చీర, రెండు రోజులుగా ఒంటి మీదున్నది, విప్పి ఇచ్చాను. అత్తగారు దాన్ని నాలుగు మడతలు వేసి పాప పక్క మీద నేను పడుకునే చోట పరిచారు. నా చోటికి చోప్ పెట్టి వెళుతున్నానని మా ఆయనతో పరాచికం కూడా ఆడాను.

సరయేవోలో దిగిన రోజే, వెంట వచ్చిన మేనేజరు మా టీములో నలుగురి పాస్‌పోర్టులూ, తిరుగు టికెట్లూ అడిగి తీసుకున్నాడు. కొత్త ఊరు, పోతాయేమోనని ఆయన బాధ. అందరూ ఇచ్చారు, నేనూ ఇచ్చాను. ఆ రోజు నుంచి హోటలూ బ్యాంకూ, బ్యాంకూ హోటలూ. బ్యాంకులో మా గదికి కిటికీ ఉందిగానీ, అద్దం పోయిన చోట ఇంకా ప్లాస్టిక్ షీటే బిగించి ఉంది. వెలుతురు వచ్చేది, బయట ఏముందో కనపడేది కాదు. రోజుకి రెండుసార్లు బాత్రూములో తలుపేసుకుని, పళ్ళు బిగబట్టి పాలు పిండి సింకులో పారబోసేదాన్ని. పాలు ఆగిపోతే పాప నన్ను మరిచిపోతుందని భయం. ఆగకుండా చూసుకుంటే చాలు, వెళ్ళగానే మళ్ళీ ఒళ్ళోకి వస్తుందని ధైర్యం. ఆ పది రోజులూ నా ప్రాణమంతా ఆ ఒక్క లెక్క మీద నిలబడింది.

పదో రోజు రానే వచ్చింది. పాత ఖాతాలూ కొత్త ఖాతాలూ కలవడం లేదు. "ఇంకో వారం అమ్మా" అన్నాడు మేనేజరు. ఆ వారం కూడా గడిచాక మళ్ళీ అదే పాట. ఆ గురువారం సాయంత్రం ఏం ధైర్యం వచ్చిందో, అందరిముందూ ఏడ్చేశాను. పాలు కారి నా చొక్కా తడిసింది. ఆయన చూసి చూపు తిప్పుకున్నాడు. మర్నాడు ఉదయం నా పాస్‌పోర్టూ, టికెట్టూ బల్ల మీద పెట్టాడు.

"ఇవాళ మధ్యాహ్నం మూడూ పదికి ఫ్లైట్. వియన్నాలో మారాలి. నీ కోసం క్లయింట్‌ని ఎలా ఒప్పించానో నాకే తెలుసు. ఇది మిస్ అయ్యావంటే మాత్రం, కొత్త సిస్టమ్ గో-లైవ్ అయ్యేదాకా మళ్ళీ ఈ మాట నా దగ్గర ఎత్తకు."

రెండూ తీసి జాకెట్ లోపలి జేబులో పెట్టి జిప్పు లాగాను. దారి పొడవునా పైనుంచి తడుముకుంటూనే ఉన్నాను.

పెట్టె సర్దడానికి పది నిమిషాలు పట్టింది. పదకొండున్నరకల్లా హోటల్ లాబీలో దించేశాను. రెండింటికి ట్యాక్సీ. పదిహేడు రోజులుగా ఈ ఊళ్ళో ఉండి, హోటలూ బ్యాంకూ తప్ప ఏమీ చూడలేదు. పాపకి చేతిలో పెట్టడానికి ఒక్క వస్తువైనా కొనలేదు. హోటల్ నుంచి నది పక్కగా పది నిమిషాలు నడిస్తే పాత బజారు అని అక్కడివాళ్ళు చెబుతూనే ఉన్నారు. సరే, చూసి వచ్చేద్దాం, రెండు గంటలు ఉన్నాయి కదా అనుకున్నాను.

ఆ బజారు తుర్కు సుల్తానుల నాటిదట. పెద్ద వీధిలోంచి ఒక మలుపు తిరిగేసరికి తారురోడ్డు పోయి, నున్నగా అరిగిన రాతి పలకలు వచ్చాయి. రెండు వైపులా ఒకదాన్నొకటి ఆనుకుని పొట్టి పొట్టి చెక్క కొట్లు. చెయ్యి ఎత్తితే చూరు తగిలేలా ఉన్నాయి. మధ్యలో చెక్కతో కట్టిన మంచినీళ్ళ పందిరి, దాని చుట్టూ పావురాలు. ఒక సందులోంచి కాలుతున్న మాంసం వాసన, ఇంకో సందులోంచి వేగుతున్న కాఫీ గింజల వాసన. రాగి గిన్నెలు కొట్టే సందులో సుత్తుల చప్పుడుకి చెవులు గింగుర్లెత్తాయి. మా ఊళ్ళో కంచరి వీధి గుర్తొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గోడల మీద అక్కడక్కడా తుపాకీ గుళ్ళ గుంటలు అలాగే ఉన్నాయి. వాటి పక్కనే మేకు కొట్టి రాగి పళ్ళాలు వేలాడేసి అమ్ముకుంటున్నారు.

అక్కడే ఒక కొట్టు చూశాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల సామానంతా కనపడుతోంది, మనిషి లేడు. గుమ్మానికి అడ్డంగా ఒక ముక్కాలిపీట పెట్టి ఉంది. కొనడానికి వచ్చినావిడ ఆ పీటను చూసి, లోపలికి తొంగి అయినా చూడకుండా పక్క కొట్టుకి వెళ్ళిపోయింది. నాకు వెంటనే తెలిసిపోయింది. పీట ఉందంటే మనిషి ఉన్నట్టే. పదిహేడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వు వచ్చింది. అరె, వీళ్ళకీ చోప్ ఉందే అనుకున్నాను. ఎక్కడి సరయేవో, ఎక్కడి బూన్ లే. ఆ క్షణం నుంచి ఆ బజారు నాకు పరాయిదిగా తోచలేదు. కొంప అక్కడే మునిగింది.

ఇంకా టైముంది. మూల మీద చిన్న కాఫీ కొట్టు, బయట మూడు బల్లలు. తెల్ల మీసాల పెద్దాయన ఎదురొచ్చి కుర్చీ లాగాడు. రాగి పళ్ళెంలో బుల్లి పిడి గిన్నెతో కాఫీ, చిన్న పింగాణీ కప్పు, పంచదార బిళ్ళ తెచ్చిపెట్టాడు. నేను గబగబా వంపుకోబోతే చేత్తో ఆపి, మడ్డి కిందికి దిగేదాకా ఆగమన్నట్టు చూపించాడు. "పోలాకో, పోలాకో" అన్నాడు. నెమ్మది, నెమ్మది అని. మా బ్యాంకులో కాపలావాడు కూడా రోజుకి వందసార్లు ఆ మాటే అనేవాడు. ఆ ఊరి వాళ్ళకి అది ఊతపదం.

కాఫీ దిగేలోపల ఎదురుసందులో చిన్న రాగి గంట కనపడింది. పిల్లల చేతికి సరిపోయేంత. అది కొనేసి వద్దామనుకున్నాను. ఎండ ఎక్కువైంది, జాకెట్ అప్పటికే విప్పి కుర్చీ వీపుకి తగిలించాను. అలాగే ఉంచేశాను. నా కుర్చీ, నా కాఫీ, నా జాకెట్. బల్లకి గుర్తు. రైల్లో బాత్రూముకి వెళ్ళినా సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళే ఊరిలో పుట్టినదాన్నే నేను. నాలుగేళ్ళ సింగపూర్ ఆ భయం పూర్తిగా పోగొట్టింది. మిగిలిన కాస్తా ఆ ముక్కాలిపీట పోగొట్టింది. పెద్దాయనకి వేలు చూపించి ఒక్క నిమిషం అన్నాను, ఆయన తల ఊపాడు.

ఒక్క నిమిషం కాలేదు. గంట కొట్టు ఆయన దాన్ని అలాగే ఇవ్వనన్నాడు. మెరుగు పెట్టి, నాలుక సరిచేసి, చెవి దగ్గర మోగించి, నచ్చక మళ్ళీ విప్పాడు. ఆయనా పోలాకోయే. డబ్బులు రొంటిన దోపుకున్నట్టు ప్యాంటు జేబులోనే ఉంచుకున్నాను కాబట్టి, జాకెట్ సంగతి గుర్తు కూడా రాలేదు. గంట కాగితంలో చుట్టించుకుని బయటికి వచ్చేసరికి పన్నెండూ యాభై. మసీదులోంచి పిలుపు వినపడుతోంది.

కాఫీ కొట్టు ముందు బల్లలు లేవు. కుర్చీలు లేవు. జాకెట్ లేదు. తలుపులు తెరిచే ఉన్నాయి. గుమ్మానికి అడ్డంగా ముక్కాలిపీట.

లోపలికి చూశాను. బల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వెనక గోడకి మేకు, మేకుకి నా జాకెట్. దుమ్ము దులిపి, భుజాలు సరిచేసి, చక్కగా తగిలించి ఉంది. గుమ్మం నుంచి నాలుగడుగులు. నా పాస్‌పోర్టు ఉబ్బు కూడా కనపడుతోంది. హమ్మయ్య అనుకుని పీట మీదుగా కాలు ఎత్తబోయాను.

"నేమా, నేమా," లేడు లేడంటూ పక్క చెప్పుల కొట్టులోంచి ఒక ముసలాయన వచ్చి, అరచెయ్యి ఎత్తి నాకు అడ్డంగా నిలబడ్డాడు. కోపంగా కాదు. తెలియనిదానికి చెబుతున్నట్టు. నేను జాకెట్ చూపించాను, నన్ను చూపించాను. విమానంలా చేతులు చాపి కూడా చూపించాను. ఆయన తల ఊపి, పీటను చూపించి, మళ్ళీ అరచెయ్యి ఎత్తాడు. లోపలి నుంచి ఆయన కూతురు వచ్చింది. ఆమెకి కొంచెం ఇంగ్లిష్ వచ్చు.

"ఆయన నమాజుకి వెళ్ళాడు. ఇవాళ శుక్రవారం కదా. వచ్చేస్తాడు."

"ఆ జాకెట్ నాదే. నేను రెండున్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. మీరే లోపలికి వెళ్ళి తెచ్చివ్వండి."

ఆమె నొచ్చుకుంది. "పీట పెట్టి వెళితే మేమూ వెళ్ళం. అన్నదమ్ములైనా వెళ్ళరు. యుద్ధంలో, పైనుంచి గుళ్ళు పడుతుంటే, పీట పెట్టి నీళ్ళకి పోయేవాళ్ళం. తిరిగొచ్చినవాళ్ళ వస్తువు ఒక్కటీ పోలేదు." కాస్త ఆగి, "తిరిగి రానివాళ్ళవి కూడా అలాగే ఉండేవి" అంది.

మసీదు ఎటని అడిగి పరుగెత్తాను. లోపల పట్టక ఆవరణ నిండా వరసలు. అందరి వీపులే కనపడుతున్నాయి. గేటు బయట కాలు కాలిన పిల్లిలా తిరిగాను. నమాజు అయిపోయింది, ఇక బయటికి వస్తారనుకుంటే వరసలు కదలలేదు. ముందర ఆకుపచ్చ గుడ్డ కప్పిన శవపేటిక ఉంది. దానికీ నమాజు చేసి, భుజాల మీద ఎత్తుకుని, చేతులు మార్చుకుంటూ అందరూ కొండ మీద శ్మశానం వైపు కదిలారు. ఆ గుంపులో తెల్ల మీసాలు ఒకటా రెండా. కొంతదూరం వెంట నడిచి మొహాలు చూశాను. శవం వెనకాల పరుగెడుతున్న పరాయి ఆడదాన్ని చూసి వాళ్ళు దారి ఇచ్చారు. నేనూ ఆ పోయినవాళ్ళ మనిషినే అనుకున్నారో ఏమో. ఆయన దొరకలేదు.

తిరిగి కొట్టు ముందుకి వచ్చేసరికి రెండు అయింది. చెప్పుల కొట్టు పెద్దాయనా, కూతురూ లోపల కొనేవాళ్ళతో ఉన్నారు. సందులో ఎవరూ నన్ను చూడటం లేదు. పీట నా మోకాలి ఎత్తు కూడా లేదు. నాలుగడుగులు వెయ్యడం, చెయ్యి చాపడం, వెనక్కి రావడం. అర నిమిషం. కాలు ఎత్తాను.

మళ్ళీ దించేశాను.

ఎందుకు దించానని ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాను నన్ను నేను. ఆ బజారు మీద గౌరవం అని మొదట్లో చెప్పుకునేదాన్ని. వినేవాళ్ళు బాగుందనేవాళ్ళు. గౌరవమూ లేదు, నా బొందా లేదు. భయం. ఎవరైనా చూస్తే ఏమంటారోనన్న భయం. బళ్ళో వరస తప్పకుండా నిలబడ్డ పిల్లని, హాస్టల్లో ఎనిమిదింటికల్లా గేటు లోపల ఉన్న పిల్లని, పాస్‌పోర్టు ఇమ్మంటే ఇచ్చినదాన్ని. అడ్డంగా ఏది పెట్టినా ఆగిపోవడం నేర్చుకున్న కాళ్ళు నావి. అది గోడే కానక్కర్లేదు, పీట చాలు. అవతల పక్క నా బిడ్డ ఉందని తెలిసి కూడా ఆగిపోయాను. గుండెలు పాలతో బరువెక్కి సలుపుతుంటే, చేతిలో గంట పట్టుకుని, తలుపు తీసి ఉన్న కొట్టు ముందు గట్టు మీద కూర్చున్నాను.

మూడూ పావు దాటాక కొండల మీదుగా విమానం చప్పుడు వినపడింది. తల ఎత్తి చూడలేదు.

కాఫీ కొట్టు పెద్దాయన నాలుగు కావస్తుండగా వచ్చాడు. బూట్లకి తడి మట్టి. నన్ను చూసి మొహం విప్పారింది. పీట పక్కకి తీసి, గబగబా లోపలికి వెళ్ళి, జాకెట్ రెండు చేతులతో తెచ్చి నాకు తొడగడానికి పట్టుకున్నాడు. ఆరుబయట ఉంటే ఎవరైనా ఎత్తుకుపోతారని లోపల పెట్టాడట. చెప్పుల కొట్టు అమ్మాయి అసలు సంగతి చెప్పేసరికి ఆయన రంగు మారిపోయింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో అన్నాడు. "నువ్వు లోపలికి వెళ్ళి తీసుకోవాల్సింది, నీది నువ్వు తీసుకుంటే ఎవరు కాదంటారు అంటున్నాడు" అని ఆ అమ్మాయి తల వంచుకుని చెప్పింది. ఆయన మళ్ళీ కాఫీ పెట్టాడు. తిట్టడానికి నోరు తెరిచానుగానీ ఆ మట్టి బూట్లు చూసి కప్పు అందుకున్నాను. మడ్డి దిగేదాకా ఆగి తాగాను. ఇక తొందరేముంది?

పోస్టాఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేశాను. నేను హలో అనకముందే మా ఆయన, "వియన్నా నుంచా? రేపు పాపని కూడా ఎయిర్‌పోర్టుకి తీసుకొస్తున్నా" అన్నారు. జరిగింది చెప్పాను. ఆయన ఫోన్ అత్తగారికి ఇచ్చారు.

"ఏం కాదు తల్లీ, బెంగ పెట్టుకోకు. చీర పట్టుకుని చక్కగా పడుకుంటోంది. ఇది అమ్మది, అమ్మ వస్తుంది అని రోజూ చెబుతున్నాగా."

మేనేజరు కోప్పడలేదు. పెట్టెతో తిరిగొచ్చిన నన్ను చూసి, "పోనీలేమ్మా, ఏం చేస్తాం, మన చేతుల్లో లేదు" అని చెయ్యి చాపాడు. జాకెట్ జిప్పు లాగి పాస్‌పోర్టు తీసి ఆ చేతిలో పెట్టాను. అడగకముందే ఇచ్చాను.

ఇంకా ఇరవై మూడు రోజులు పట్టింది ఆ ఖాతాలు కలవడానికి. అందులో ఎనిమిదో తొమ్మిదో రోజుకి పాలు ఆగిపోయాయి. ఒకరోజు ఉదయం బాత్రూములో తలుపేసుకుని నిలబడితే ఏమీ రాలేదు. నొప్పి కూడా లేదు. పళ్ళు తోముకుని బ్యాంకుకి వెళ్ళాను.

సింగపూర్‌లో దిగింది ఆదివారం ఉదయం. పాపని ఎయిర్‌పోర్టుకి తేవద్దని నేనే చెప్పాను. బూన్ లే దాకా ట్యాక్సీలో మా ఆయన ఏదో చెబుతూనే ఉన్నారు. పాప కొత్తగా నేర్చుకున్న మాటలన్నీ ఏకరువు పెట్టారు. లిఫ్టులో ఆరో అంతస్తు ఆంటీ ఎక్కింది. "వచ్చేసినావా? మకాన్ అయిందా, ఏమైనా తిన్నావా? పాప నీ మీదే ఏంగిపోయింది మా" అని నా బుగ్గ పుణికింది. పాప నా మీద బెంగ పెట్టుకుందన్న ఆ మాట పట్టుకుని ఇంట్లోకి వెళ్ళాను.

హాల్లో చాప మీద కూర్చుని ఉంది. జుట్టు కాస్త పెరిగింది. నీలం చీర ఒళ్ళో కుప్పగా పోసుకుని, అంచు నోట్లో పెట్టుకుని ఉంది. నన్ను చూసింది. లేవలేదు. ఏడవలేదు. అత్తగారు, "ఎవరొచ్చారో చూడు, ఎవరొచ్చారో చూడు" అంటున్నారు. నేను చెప్పులు విప్పి, నెమ్మదిగా ఎదురుగా కూర్చున్నాను. గంట మోగించాను. చెయ్యి చాపి తీసుకుంది, ఒకసారి ఊపింది, పక్కన పెట్టేసింది.

దాని ఎదురుగా ఎంతసేపు కూర్చున్నానో. దాని చూపు నా మొహం మీద నుంచి చెవులకి, చెవుల నుంచి జాకెట్ జిప్పుకి వెళ్ళి, మళ్ళీ చీర మీదికి వచ్చింది. వాసన తెలిస్తే వస్తుందనుకున్నాను. చీరలో నా వాసన ఇంకెక్కడుంది, దాని చొంగా, పౌడరూ తప్ప. అయినా ఆశ కదా. ముందుకి వంగి, దాని ఒళ్ళో ఉన్న చీర కొంగు నా వేళ్ళతో పట్టుకుని కాస్త నా వైపు లాక్కున్నాను.

చీరని రెండు చేతులతో గుండెకి లాక్కుని, జరిగి జరిగి గోడకి ఆనుకుంది. తర్వాత ఒక చెయ్యి విడిపించి, చిన్న అరచెయ్యి నా మొహానికి అడ్డంగా ఎత్తింది. కోపం లేదు. తెలియనిదానికి చెబుతున్నట్టు, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చెప్పింది.

"అమ్మది."